బిళ్ళ పచ్చ వైపు

"మా యమునకి కూర దాక అడుగున కలుపుకున్న అన్నమంటే పేణం బావా!"

భోగాపురం హైవే పక్కన కొత్తగా తెరిచిన బ్రెజిల్ హోటల్లో కూర్చుని కూడా మా ఆయన పృథ్వీరాజ్ ఆ మాటే అన్నాడు. బావ అంటే మా వదిన రాజకుమారి భర్త, దేవేంద్ర గారు. ఆయన నవ్వాడు. మా అత్తగారు జగ్గమ్మ తల ఊపింది. నేనూ నవ్వాను. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆ మాటకి నవ్వడం నా పనుల్లో ఒకటి, అంట్లు తోమాక, ఆరిన బట్టలు మడతపెట్టే ముందు.

ఆదివారం మాంసం వండితే మూలుగ బొక్కలు మా ఆయనకి, కార్జం వచ్చిన మగ చుట్టానికి. అందరూ తిని, కునుకు తీసి, టీ అడిగే వేళకి నేను దాక ముందు కూర్చుంటాను. అడుగంటిన మసాలాలో అన్నం కలిపి అంచులు గీరుకుంటాను. దానికి నా ఇష్టమని పేరు పెట్టారు. నేను బోటనీలో ఎమ్మెస్సీ చదివాను. నీడలో పెట్టిన మొక్క నీడకి అలవాటు పడుతుంది. దాన్ని ఇష్టం అని మా పుస్తకాల్లో ఎక్కడా రాయలేదు.

ఆ హోటల్ పద్ధతి వేరు. ఒక్కొక్కరి ముందూ ఒక చెక్క బిళ్ళ పెడతారు. పచ్చ వైపు పైకి ఉన్నంతసేపూ, ఇనుప చువ్వలకి గుచ్చి కాల్చిన మాంసం తెచ్చి, పళ్ళెంలోకి కోసి వేస్తూనే ఉంటారు. ఎరుపు వైపు తిప్పితే మన దగ్గర ఆగరు. తినేవాళ్ళు లేవక్కర్లేదు, అడగక్కర్లేదు. అందరూ అబ్బురపడ్డారు గానీ నాకు ఆ ఏర్పాటు కొత్త కాదు. మా ఇంట్లో ఎప్పట్నుంచో ఉంది, బిళ్ళలు లేవంతే. చువ్వ పట్టుకుని తిరిగేది నేను.

నెత్తిన తోలు టోపీ, కాళ్ళకి బూట్లు, మాట మాత్రం రణస్థలం యాస. ఒక మీసాలాయన నా పక్కన ఆగాడు. "అమ్మా, పొట్టేలు తొడ. యేడిగా ఉన్నాది. పలసగా కొయ్యమంటారా, మందంగానా?"

నాకెలా కావాలో నన్నడిగారు. జవాబు వెతుక్కునేలోగా మా ఆయన చెయ్యి వచ్చి నా బిళ్ళని ఎరుపుకి తిప్పేసింది, ఎవరూ లేని గదిలో ఫ్యాను ఆపినట్టు. కనీసం నా వైపు చూడలేదు.

"ఆవిడకొద్దులే, ఇటు కొయ్యి. యమునా, అమ్మకి పళ్ళు లేవు కదా, ముక్కలు సిన్నగా సేసి పెట్టు. బావకి నిమ్మకాయ పిండు."

కోశాను. పిండాను. నా చేతిలో కత్తి ఉందన్న సంగతి ఊరికే చెబుతున్నాను.

"యమునకి వడ్డించడంతోనే కడుపు నిండిపోతాది," అంది మా వదిన, మెచ్చుకుంటూ.

"ఇదేటక్కా! మాది ఇంతకంటే బాగా సేస్తాది. వొచ్చే ఆదివారం ఆమదాలవలస నుంచి మీరిద్దరూ వొచ్చీయండి. సువ్వలు నేను కొంతాను."

చువ్వలు ఆయన కొంటాడట.

బిళ్ళని పచ్చకి తిప్పాను. ఆయన నవ్వుతూ మళ్ళీ ఎరుపుకి తిప్పాడు. నేను మళ్ళీ తిప్పి, ఈసారి వేలు దాని అంచు మీదే నొక్కి ఉంచాను.

"ఏటిది? అందరూ సూస్తన్నారు."

"చూడనీండి. నాకు దాక అడుగంటే ఇష్టం లేదు. ఎప్పుడూ లేదు."

దేవేంద్ర గారు గ్లాసులోకి చూసుకున్నాడు.

"మరిన్నాళ్ళూ తిన్నావు కదే?" అంది అత్తగారు.

"నేను రాకముందు మీరూ అదే తినేవారట కదత్తమ్మా. ఎందుకు తిన్నారు?"

ఆవిడ నమలడం ఆగింది. కొడుకు పళ్ళెం వైపు చూసింది.

"మిగిలినది అదే కదేటి," అంది.

మీసాలాయన మళ్ళీ వచ్చాడు. "మందంగా," అన్నాను. వేడి మీద తిన్నాను. నాలుక కాలింది. అది కూడా కొత్తే. దాక అడుగు ఎవరి నాలుకనీ కాల్చదు. ఆ తర్వాత నిమ్మకాయలు వాళ్ళే పిండుకున్నారు, గింజలతో సహా.

ఆదివారం వదినా, దేవేంద్ర గారూ వచ్చారు. చువ్వల ప్యాకెట్టు విప్పకుండానే ఉంది. నేను మామూలుగానే వండాను, కార్జంతో సహా. అందరికీ పళ్ళేలు పెట్టాను, నాక్కూడా ఒకటి పెట్టుకుని వాళ్ళ మధ్యలో కూర్చున్నాను. పళ్ళెం పక్కన చెక్క బిళ్ళ, పచ్చ వైపు పైకి. అది నా హ్యాండ్‌బ్యాగులోకి ఎలా వచ్చిందో నన్నడక్కండి. అత్తగారు గుమ్మం దగ్గరే నిలబడి, తనకి పెట్టిన పళ్ళెం ముందు ఖాళీగా ఉన్న చోటు వైపు చూస్తోంది.

"మరి వడ్డించేదెవరే?" అన్నాడు మా ఆయన.

"గరిటె దాకలోనే ఉంది," అన్నాను.