అక్క వంక పెట్టని రోజు

మా అక్క నోరు విప్పిందంటే ఏదో ఒకదానికి వంక పెట్టడానికే. దర్జీ దుకాణం ఆమెది, అందులో కత్తెర పట్టేది నేను. ఇరవై ఏళ్లుగా నేను కత్తిరించిన ప్రతి గుడ్డనూ అటూ ఇటూ తిప్పి చూసి, "ఇదేంటే, కత్తెరతో కోశావా, పంటితో కొరికావా?" అంటుంది. హోటల్లో దుప్పటి అంచు వంకరగా కుట్టి ఉంటే మేనేజరును పిలిపిస్తుంది. అలాంటి మనిషి, కొండల పైనున్న సరస్సు చూసి తీరాలని రెండేళ్లు పట్టుబట్టి, బావనూ నన్నూ వెంటేసుకుని బయలుదేరింది.

బావ లైబ్రేరియన్. నిశ్శబ్దమంటే ప్రాణం. పెళ్లయ్యాక అది ఆయనకు ఆఫీసులోనే దొరుకుతోంది.

జీపులో ఒక్కరోజులోనే పన్నెండు వేల అడుగుల ఎత్తున్న ఊరికి చేరాం. "మెల్లగా నడవండి, నీళ్లు తాగుతూ ఉండండి, తలనొప్పి వస్తే మాత్రం దాచకండి," అని డ్రైవర్ దారంతా చెబుతూనే ఉన్నాడు. మేం తలలూపాం.

ఆ సాయంత్రం భోజనానికి వచ్చిన సూపు చల్లారిపోయి ఉంది. అక్క ఏమీ అనలేదు. రెండు చెంచాలు తాగి, "బాగుంది," అని పక్కన పెట్టేసింది. గది కిటికీ సరిగ్గా మూతపడలేదు. "ఫర్వాలేదులే," అంది. బావా నేనూ ముఖముఖాలు చూసుకున్నాం.

"అంతా కొండగాలి మహిమ మరదలా," అన్నాడు బావ నా చెవిలో. "ముందే తెలిస్తే కాపురం ఇక్కడే పెట్టేవాణ్ణి."

నేను పడీపడీ నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నన్ను నేనే తిట్టుకుంటాను.

సరస్సు చేరాలంటే మర్నాడు ఇంకో మూడు వేల అడుగులు ఎక్కాలి. పొద్దున్నే జీపు సిద్ధమైంది. అక్క కోటు వేసుకుని వరండాలోకి వచ్చింది. స్వయంగా కుట్టుకున్న కోటు, ఆరు బొత్తాలది. పై బొత్తాం రెండో కాజాలో పెట్టుకుంది, మిగతావీ అదే వరస. కోటు అంచు ఒక పక్కకు వేలాడుతోంది.

"అక్కా, బొత్తాలు చూసుకో," అన్నాను.

వంగి చూసుకుంది. వేళ్లతో తడుముకుంది. "బానే ఉన్నాయిగా," అంది.

బజార్లో ముక్కూమొహం తెలియని వాడి బొత్తాం తప్పినా ఆపి సరిచేయించే మనిషి మా అక్క. తప్పు కనబడినా ఊరుకుందంటే మంచితనం అనుకోవచ్చు. తప్పే కనబడకపోతే?

"డ్రైవర్ గారూ, ఒకసారి రండి!" అని కేక పెట్టాను.

అతను వచ్చి అక్క ముఖంలోకి చూశాడు. "అమ్మా, ఈ నాపరాళ్ల మధ్య గీత మీద అడుగు ముందు అడుగు పెట్టి నడవండి," అన్నాడు. మూడో అడుగుకే ఆమె తూలింది. బావ గబుక్కున పట్టుకున్నాడు.

"రాత్రి వాంతులేమైనా అయ్యాయా?"

"రెండుసార్లు," అంది అక్క, చిన్నపిల్లలా.

పక్క మంచం మీదే పడుకున్న బావ ముఖం పాలిపోయింది. "కాసేపు పడుకుంటే సర్దుకుంటుందేమో?" అన్నాడు.

"ఈ ఎత్తు ఒంటికి పడక మెదడు వాస్తుంది సార్. పడుకున్న మనిషి లేవకపోవచ్చు. ఇప్పుడే దిగిపోవాలి, అదే అసలు మందు."

"సరస్సు..." అంది అక్క. అంతే, ఇంకేమీ ఎదురు చెప్పలేదు. నాకు నిజంగా భయం వేసింది అప్పుడే.

డ్రైవర్ ఆక్సిజన్ మాస్కు తగిలించి జీపు కిందికి తిప్పాడు. ఆమె చేయి నా ఒళ్లో పెట్టుకుని, ఒక్క మాట తిట్టవే తల్లీ అని మనసులో మొక్కుకుంటూ కూర్చున్నాను. మలుపు తర్వాత మలుపు దిగుతున్నాం. బావ ముందు సీట్లోంచి క్షణానికోసారి వెనక్కి తిరిగి చూస్తున్నాడు.

కింది ఊరి ఆసుపత్రిలో డాక్టరమ్మ, "సమయానికి దించారు, గండం గడిచింది," అంది. సాయంత్రానికి అక్క చూపు కుదుటపడింది. దిండు గలీబును ఒకసారి తిప్పి చూసి, "ఈ కుట్టు ఎవడు వేశాడే, నిద్రలో వేశాడా?" అంది. బావ ఆనందం పట్టలేక నర్సును పిలిచి మరీ ఆ కుట్టు చూపించాడు.

"తలనొప్పి మొదలైనప్పుడే చెప్పొచ్చు కదక్కా?" అని అడిగాను.

అక్క గోడవైపు చూసింది. "బయలుదేరే ముందు రోజు దుకాణంలో నువ్వూ మీ బావా అనుకుంటుంటే విన్నాను. నా సణుగుడు లేకుండా నాలుగు రోజులు గడిస్తే చాలని. సరే, ఈ ఒక్కసారికి ఏమీ అనకుండా ఉందామనుకున్నా. తలనొప్పి అంటే అదీ సణుగుడే అనుకుంటారని..."

ఆ మాట అన్నది నేనే. నాకు ఏడుపు ఆగలేదు. బావ ఆమె పాదాల మీద దుప్పటి సర్దుతూ, "ఇక మీదట నువ్వు ఏమీ అనకపోతే నాకు కంగారు. ఏముంటే అది అనేయ్," అన్నాడు.

అక్క మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"అయితే అంటున్నా," అంది. "తల ఇంకా కొంచెం నొప్పిగానే ఉంది."

ఇద్దరం ఒక్కసారే డాక్టరమ్మ కోసం పరుగెత్తి, గుమ్మంలో ఒకరికొకరం అడ్డం పడ్డాం.