బషీర్‌భాయ్ తాగిన రెండో చాయ్

పొద్దున ఎనిమిదింటికి బషీర్ స్కూటర్ తుడుచుకుంటూ ఇంట్లోకి కేకేశాడు. "జర తాళంచెవి అందియ్యి!" ఆ కేక బాలమణి గొంతుతో వచ్చింది.

వంటింట్లో రొట్టె తిప్పుతున్న భార్య హుసేన్‌బీ, "ఇంకెన్ని దినాలు ఈమె?" అని అడిగింది.

"ఇల్లు కుదిరేదాక," అన్నాడు బషీర్ ఆ ఆడగొంతుతోనే, మీసం దువ్వుకుంటూ.

నాగర్‌కర్నూల్‌లో ఇళ్లూ ప్లాట్లూ చూపించే బ్రోకర్లకు కొదవ లేదు. చాలామంది కొనేవాళ్ల దగ్గరా తింటారు, అమ్మేవాళ్ల దగ్గరా తింటారు, అడిగితే మధ్యవర్తులం అంటారు. బషీర్‌కు ఆ వీలు లేదు. తాత నాటి నుంచీ ఆ ఇంట్లో ఒకటే తీరు. పని ఒప్పుకుని ఎవరింట్లో చాయ్ తాగితే, ఆ పని ముగిసేదాకా వాళ్ల గొంతే వస్తుంది. కానిస్టేబుల్ ఒకాయన ఇల్లు అమ్మిపెట్టిన మూడు నెలలూ బషీర్ పిల్లలు చెప్పిన మాట చెప్పినట్టు విన్నారు. పాస్టర్ అబ్రహాం గారికి స్థలం వెతికినన్నాళ్లూ ఆయన టమాటాలు బేరమాడినా అమ్మేవాళ్లు తల వంచుకుని వినేవాళ్లు. ఊళ్లో ఎవరికీ ఇది వింత కాదు. పైగా సౌకర్యం. బషీర్ నోరు తెరవగానే ఆయన ఎవరి మనిషో తెలిసిపోతుంది, మిగతావాళ్లు తమ గుట్టు దాచుకుంటారు.

ఒకేసారి ఇద్దరింట్లో తాగితే ఏమవుతుందో మాత్రం ఎవరికీ తెలియదు. అంతవరకు ఎవరూ తాగలేదు మరి.

బాలమణి, భర్త శంకరయ్య పదిహేనేళ్లుగా పూణేలో బిల్డింగుల పనికి పోతున్నారు. అక్కడ ఆమె కట్టేవి అంతస్తులు, పడుకునేది రేకుల కింద. ఈసారి కూతురు మానస ఎనిమిదో తరగతికొచ్చింది. బడి పక్కన రెండు గదుల ఇల్లు కొనుక్కుంటే పిల్ల చదువు ఆగదు, తనూ ఇక్కడే కూలికి పోవచ్చు. దసరా వెళ్లగానే కూలీలను పూణే తీసుకుపోయే మేస్త్రీ బండి వస్తుంది. ఈలోగా ఇల్లు కుదరకపోతే పిల్లను బడి మాన్పించి వెంటబెట్టుకు పోవాల్సిందే. పూణేలో ఉన్న శంకరయ్య ఫోన్లో, "నీకెట్ల తోస్తే గట్ల చెయ్యి" అన్నాడు.

తోచింది పైకి చెప్పడమే బాలమణికి రాదు. కూలి రేటు మేస్త్రీ మాట్లాడతాడు, ఊళ్లో సంగతులు మరిది మాట్లాడతాడు, ఆమె తల ఊపుతుంది. అందుకే బషీర్ మొదటిసారి ఆమె గొంతుతో, "కాయితాలు సూపియ్యి సేటూ" అని ఇంటి యజమాని ఈరన్నను అడిగినప్పుడు ఆమె ఉలిక్కిపడింది. బయటికొచ్చాక నవ్వింది.

"నా గొంతు గింత గట్టిగుంటదా, భాయ్?"

"నీదేనమ్మా. నేను జర పెద్దగ తీసిన, గంతే."

ఈరన్నకు ఎరువుల షాపుంది, ఆ ఇల్లుంది, ఇంకా చాలా ఉన్నాయి. ఒక మధ్యాహ్నం బషీర్‌ను ఒక్కడినే ఇంటికి పిలిచాడు.

"ఈ ఇల్లు అమ్మిపెట్టు, బషీర్‌భాయ్. వనపర్తి రోడ్డు మీది నా పన్నెండు ప్లాట్లు నీకే అప్పజెప్త. ఆమె దిక్కు ఉండకు అంటలేను. నా దిక్కు గూడ ఉండు," అని చాయ్ ముందుకు జరిపాడు.

బషీర్ మంచివాడే. కానీ పన్నెండు ప్లాట్లంటే ఊరంతా తిరగకుండానే రెండేళ్లకు సరిపడా దొరికిన పని. తాత లేడు, తండ్రి లేడు, చూసేవాళ్లూ లేరు. మూడు గుక్కల్లో తాగేశాడు.

ఈరన్న దగ్గరికి జరిగాడు. "రోడ్డు వెడల్పుకని మున్సిపాలిటోళ్లు ముందటి అర్రల ఎర్ర గీత గీసిపోయిన్రు. సగం అర్ర పోతదంట. నిన్ననే సున్నం ఏపిచ్చిన, ఆమెకు చెప్పకు. సరేగని, ఆమె ఎందాక పోతది? ఆఖరు మాటెంత?"

ఆ ఆఖరు మాట బాలమణి బషీర్‌ను నమ్మి ఆయనొక్కడికే చెప్పుకుంది. బషీర్ నోరు తెరిచాడు. ఏమీ రాలేదు. ఆమె గొంతూ రాలేదు, ఈరన్న గొంతూ రాలేదు. దగ్గినా చప్పుడు లేదు.

ఇంటికొస్తే హుసేన్‌బీ ఒక్క చూపులో పట్టేసింది. "ఎవలింట్ల తాగొచ్చిన్రు?"

బషీర్ తల దించుకున్నాడు. ఇన్నేళ్లలో ఎంతోమంది గొంతులు మోశాడు, ఒక్కరి గుట్టూ జారలేదు. ఈరోజు జారనిచ్చేవాడే. ఆపింది తను కాదు, గొంతు. అది తలుచుకుంటే ఆయనకు తన మీద తనకే అసహ్యం వేసింది. గీత సంగతి కాగితం మీద రాసిద్దామంటే బాలమణికి చదువు రాదు.

మర్నాడు ముగ్గురూ ఆ ఇంటి ముందు గదిలో కూర్చున్నారు. ఈరన్న ధర చెప్పాడు. బాలమణి అలవాటుగా బషీర్ వైపు చూసింది.

బషీర్ లేచి, బిందెలో టవల్ ముంచి గోడను రుద్దాడు. సున్నం ఇంకా గోడకు గట్టిగా పట్టలేదు. తడి గోడ మీద ఎర్ర గీత తేలింది.

"ఏయ్, నువ్వు నా చాయ్ తాగినవ్!" ఈరన్న అరిచాడు.

బషీర్ అవునని తల ఊపాడు. బాలమణి వైపు తిరిగి రెండు చేతులూ జోడించాడు. ఆ చాయ్ తీరు ఎరిగిన మనిషే కాబట్టి ఆమెకు అంతా అర్థమైంది. కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. నమ్మినవాడు అటూ తాగాడు, ఇక మాట్లాడేవాడు లేడు. లేచిపోదామంటే దసరా పది రోజుల్లో ఉంది. ఆమె లేచి, గీత నుంచి ముందు గోడ దాకా అడుగులేసి కొలిచి, ఈరన్నను తనే అడిగింది.

"గీత దాక పోతే ఏం మిగుల్తది సేటూ?"

ఈరన్న బషీర్ వైపే చూశాడు. నెల రోజులుగా ఆ గొంతు అటునుంచే వస్తోంది. "జర గోడ పోతది, భాయ్. గంతే."

"సగం అర్ర పోతది. గోడ మల్ల లేపాలె, కప్పుకు దన్ను పెట్టాలె. గోడ లేపుడుకు ఎంతైతదో నాకెరుకే. పదిహేనేండ్ల సంది గదే పని. గా కర్సంత తీసేసి చెప్పు."

"గట్లంటె ఎట్ల, భాయ్..." అన్నాడు ఈరన్న, ఇంకా బషీర్ మొహమే చూస్తూ. బషీర్ పెదాలు కదల్లేదు.

"అటు గాదు సేటూ. ఇటు చూసి చెప్పు."

ఈరన్న కుర్చీ ఇటు తిప్పుకున్నాడు. బేరం ఆమె ఆఖరు మాటకన్నా కిందనే తెగింది. దసరాకు ముందే ఇల్లు బాలమణి పేరున రిజిస్ట్రేషన్ అయింది. మేస్త్రీకి ఆమే ఫోన్ చేసి, ఈ ఏడు రానని చెప్పింది.

రిజిస్ట్రేషన్‌తో పని ముగిసిన రోజే బషీర్‌కు గొంతు తిరిగొచ్చింది. ఎప్పుడూ ఎవరో ఒకరిది మోసే మనిషి, తన సొంత గొంతును వెంటనే గుర్తుపట్టలేకపోయాడు. దానితో మొదట బాలమణికే చెప్పుకున్నాడు. "తప్పైంది, అమ్మా."

"తప్పే, భాయ్," అంది బాలమణి. "అందుకే నీ కమీషన్ల సగమే ఇస్త."

బషీర్ బేరమాడలేదు.