పెంచలయ్య గొంతు

ఎమర్జెన్సీ పోయిన మరుసటి ఏడు, ఐరాల పక్కనున్న ఒక పల్లెలో చిన్న చర్చికి కొత్త పాస్టరు వచ్చాడు. పేరు జ్ఞానప్రకాశం, సొంతూరు గూడూరు. మనిషి మంచివాడే. కాకపోతే వచ్చీ రాగానే ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క దెయ్యం మీద పడ్డాడు.

ఆ దెయ్యం తాయమ్మ మొగుడు. పెంచలయ్య బతికున్నన్నాళ్ళూ బెల్లం వండేవాడు. క్రిస్మస్ నెలలో ఇంటింటికీ తిరిగి పాడే గుంపులో చేరి అందరికంటే గట్టిగా పాడేవాడు. పాటలో దేవదూతలు పైకెక్కే చోట ఆయన గొంతు కిందికి దిగేది. హార్మోనియం వరదయ్య ఎన్ని మెట్లు వెతికినా ఆ గొంతుకు సరిపడేది దొరక్క, ఆ చోట వాయించడమే మానుకున్నాడు. పెంచలయ్య చనిపోయిన ఏడు కూడా గుంపు తాయమ్మ గడప ముందుకు వచ్చి పాట ఎత్తుకుంది. సరిగ్గా ఆ చోటికి వచ్చేసరికి ఎవరిదో ఒక గొంతు కిందికి దిగింది.

పిల్లలు కెవ్వుమన్నారు. పెద్దవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అప్పటినుంచి ఆ పల్లెకు క్రిస్మస్ అంటే ఏసు పుట్టుక ఒకటి, పెంచలయ్య రాక ఒకటి. డిసెంబరు చలి మొదలైతే చాలు, కజ్జికాయలు వత్తుతూ ఆడవాళ్ళు ఆయన మాటే ఎత్తేవాళ్ళు. ఆరిపోయిన బెల్లం పొయ్యిలో నిప్పు రాజుకుందని ఒకరు, చెరుకు తోటలో దగ్గు వినబడిందని ఇంకొకరు. దగ్గు కచ్చితంగా ఆయనదేనని మూడో ఆవిడ సాక్ష్యం. పిల్లలు దుప్పట్లో దూరి, చెప్పొద్దని ఏడ్చి, ఆపితే మళ్ళీ ఏడ్చేవాళ్ళు. ఊరు ఊరంతా హాయిగా జడుసుకునేది. తాయమ్మ గడప ముందు లాంతరు వత్తి తగ్గించడం, మేకవెంట్రుకల గడ్డం అతికించిన మాస్కు పెట్టుకుని క్రిస్మస్ తాత వేషగాడు గుంపు వెనకాల నిలబడడం ఆచారమైపోయింది. గొంతు వచ్చేది కూడా వెనకనుంచే.

ఆ మాస్కు వెనక ఎవరున్నదీ తాయమ్మకు ప్రతి ఏడూ తెలుసు. మొదట మునస్వామి. దిగాల్సిన చోట మరీ పాతాళానికి దిగాడు. తర్వాత కుప్పుస్వామి. సారా తాగి వచ్చి గొంతు వణికించాడు. చచ్చినవాడికి చలి ఏమిటని ఆమెకు ఒళ్ళు మండింది. అయినా పైకి అనలేదు. తెలిసినట్టు చెబితే వాళ్ళు మానేస్తారు. ఏడాదికొక్కసారి, ఎంత నాసిరకంగానైనా సరే, ఆ గొంతు ఆమెకు కావాలి. అందుకే చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నమ్మినట్టే నిలబడేది. ఊరు ఆమెను మోసం చేస్తున్నాననుకునేది. ఆమె ఊరిని మోసం చేస్తుండేది. ఎవరికీ నష్టం లేదు.

కొత్త పాస్టరు ఒక ఆదివారం, చచ్చినవాళ్ళు పాడరని ప్రసంగం చేశాడు. అంతటితో ఆగక తాయమ్మ ఇంటికి వచ్చి కూర్చున్నాడు.

“అమ్మా, మీరు బాధపడకూడదు. ఆ గొంతు మీ ఆయనది కాదు. మనవాళ్ళే మాస్కు వేసుకుని మిమ్మల్ని ఏమారుస్తున్నారు.”

తాయమ్మ గుండె జారిపోయింది. తెలియని సంగతి విన్నందుకు కాదు. తెలిసిన సంగతిని ఎదురుగా కూర్చుని చెప్పేవాడొకడు దాపురించినందుకు.

“అట్లనా అయ్యా,” అంది.

“ఈసారి గుంపుతో నేనే వస్తాను. మాస్కు ఉండదు. పాట ఎక్కడా తప్పదు.”

“తప్పకుంటే ఎట్లయ్యా?” అన్న మాట నోటిదాకా వచ్చింది. దాన్ని మింగి, కాఫీ ఇచ్చి పంపింది.

ఆయన వీధి మలుపు తిరగ్గానే పక్కింటి దేవకమ్మ గోడ మీదుగా తల పెట్టింది.

“ఏందత్తా, మామ ఈసారి రాడంటనే?”

“అయ్యగారు వద్దన్నారు మే.”

“మామ ఎప్పుడన్నా ఇంకొకరి మాట ఇన్నాడా?”

“ఇన్లేదు,” అంది తాయమ్మ. కానీ ఈసారి వింటాడని ఆమెకు భయంగా ఉంది.

పాటలు మొదలయ్యే రోజు రానే వచ్చింది. చర్చి పక్కనే కాబట్టి తాయమ్మది మొదటి ఇల్లు. దీపాలు పెట్టే వేళకు గుంపు వచ్చి బడిపిల్లల్లాగా వరస కట్టింది. నడుమ పాస్టరు. లాంతరు నిండుగా వెలుగుతోంది. పాట ఎత్తుకున్నారు. దేవదూతలు పైకెక్కే చోట అందరూ బుద్ధిగా పైకెక్కారు. వరదయ్య ఇన్నేళ్ళ తర్వాత ఆ చోట హార్మోనియం వాయించాడు గానీ, వాయించినవాడి ముఖంలో సంతోషమే లేదు. మునస్వామి నేల చూపులు చూశాడు. జడుసుకోవడానికి తయారుగా వచ్చిన పిల్లలు ఉసూరుమన్నారు.

తాయమ్మకు పెంచలయ్య రెండోసారి పోయినట్టయింది. మొదటిసారి ఏడవడానికి జనం తోడున్నారు. ఈసారి అందరూ పాడుతున్నారు.

ఆమె ముఖం పాస్టరు చూశాడు. ఆయన మనసు కలుక్కుమంది. చర్చిలో ఆయన ఎన్నడూ పాడడు, పాట పేరు చెప్పి కళ్ళు మూసుకుంటాడు. పాడేది వరదయ్యే. అలాంటివాడు, తానే ఒక చరణం పాడితే ఆమెకు ఓదార్పుగా ఉంటుందనుకుని ముందుకొచ్చాడు. కళ్ళు మూసుకుని, గడ్డం పైకెత్తి, మొదలుపెట్టాడు.

మొదటి మాటే తప్పింది. దేవదూతలు పైకెక్కే చోట ఆయన నిండు విశ్వాసంతో, తానూ ఎక్కుతున్నాననుకుంటూ, కిందికి దిగిపోయాడు. మునస్వామీ కుప్పుస్వామీ దారి తెలిసి తప్పినవాళ్ళు. ఈయనకు అసలు దారే తెలియదు. పెంచలయ్యకూ తెలిసేది కాదు.

“పెంచలయ్య తాతొచ్చినాడ్రోయ్!” అని పిల్లలు చెల్లాచెదురుగా పరుగెత్తారు. వరదయ్య హార్మోనియం మీంచి చేతులు తీసేశాడు. తాయమ్మ గడప మీద కూలబడి, ఇన్నేళ్ళూ ఏడవని ఏడుపంతా ఒక్కసారే ఏడ్చింది.

పాస్టరు చరణం పూర్తిచేసి కళ్ళు తెరిచాడు. ఆమెను చూసి ఆయనకూ కళ్ళు చెమర్చాయి.

“చూశారా అమ్మా! పాటను పద్ధతిగా పాడితే మనసుకు ఎలా తగులుతుందో!”

వెనక ఎవరో లాంతరు వత్తి తగ్గించారు.

“అవునయ్యా,” అంది తాయమ్మ కళ్ళు తుడుచుకుంటూ. “ఈళ్ళెవురికీ రాదు. ఇంకొక్కసారి పాడండి.”