వెండెల్ తప్పు రాసిన గడి

ఎనిమిదో రోజుకి నడీన్ ఒళ్ళు హూనమైపోయింది. మెడ పట్టేసింది. కుడికాలు యాక్సిలరేటర్ మీదే పుట్టి పెరిగినట్టు బిర్రబిగుసుకుపోయింది. ఐదు ఊళ్ళు, ఐదు బేస్‌బాల్ స్టేడియాలు, పది రోజులు. ఈ మహత్తర పథకం మొగుడు వెండెల్‌ది. చలికాలమంతా వంటింటి బల్ల మీద మ్యాపు పరిచి, "నువ్వు కాళ్ళు బారజాపుకుని కూచో, బండి సంగతి నేను చూసుకుంటా" అని ఊరించినవాడు, అయోవాలో ఇంటి దగ్గర్నుంచి కాన్సస్ సిటీ దాకా ఒక్కరోజు నడిపాడు. మర్నాడు పొద్దున తాళాలు ఆమె చేతిలో పెట్టి, నడుం పట్టేసిందన్నాడు. అంతే. సెయింట్ లూయిస్, షికాగో, ఇప్పుడీ మిల్వాకీ, అన్నీ ఆమె రెక్కల కష్టమే. ఆ నడుమేమో స్టేడియంలో మూడేసి గంటలు చెక్కుచెదరకుండా కూర్చుంటుంది!

పొద్దున మోటెల్లో చల్లారిన వాఫిల్ తింటూ ఆమె మనసులో ఒక నిర్ణయానికి వచ్చింది. ఈ ఆట అవగానే ఇంటికే. రేపు మిన్నియాపోలిస్‌కి ఐదు గంటలు నడపడం తన వల్ల కాదు. సెలవులయ్యాక బడి క్యాంటీన్లో నాలుగొందల మందికి వండాలి, దానికైనా కాస్త ప్రాణం మిగలాలి. ఇక ఆ మాట వెండెల్‌తో అనడమే మిగిలింది.

వాళ్ళ సీట్లు పైన, ఆకాశానికి దగ్గర్లో. వెండెల్ ఒళ్ళో స్కోరు పుస్తకం, చేతిలో పెన్సిలు, చెవిలో చిన్న రేడియో తీగ. ఆటకెళితే ప్రతి బంతినీ ఆ పుస్తకంలో గడులు గడులుగా ఎక్కించుకోవడం అతనికి చిన్నప్పటి నుంచీ ఉన్న పిచ్చి. రేడియో మాత్రం ఈ ఏడాది కొత్తగా తగులుకుంది. నాలుగో ఇన్నింగ్స్‌లో అది కాస్తా గుటుక్కుమంది.

"బ్యాటరీ పోయింది. టెస్సా, కింద ఎక్కడైనా దొరుకుతాయేమో చూడవే."

"ఆట కళ్ళముందే ఉంది కదా నాన్నా. మళ్ళీ రేడియో ఎందుకు?" అంది పద్నాలుగేళ్ళ కూతురు, ఫోన్లోంచి తలెత్తకుండా.

"వెళ్ళమన్నానా! నాచోస్ చిప్స్ కూడా కొనుక్కో."

నాచోస్ మాట వినగానే టెస్సా లేచింది. మాట ఎత్తడానికి ఇదే సమయమని నడీన్ అనుకుంది. గొంతు సవరించుకునేలోపే అవతలి జట్టువాడు బంతిని బలంగా లేపాడు. అది ఎగిరి ఎగిరి గోడ దాకా పోయింది. మిల్వాకీ ఆటగాడు గోడ మీదికి పాకి, చెయ్యి చాచి ఒడిసిపట్టాడు. జనం లేచి నిలబడి కేకలు. నడీన్ కూడా నోరు తెరిచింది. ముందు వరసలో పిల్లలు బూరలు ఊదుతున్నారు. ఆ గోలలో వెండెల్‌కి బ్యాటు చప్పుడు వినపడినట్టు లేదు. బొటనవేలు ఒక గడి పక్కన ఆనించి, శ్రద్ధగా 'కె' అని రాశాడు.

కె అంటే మూడుసార్లూ బంతి తగలక అవుటైనట్టు. ఆటంటే గిట్టని నడీన్‌కి కూడా అంతమాత్రం తెలుసు.

"అదేంటి, క్యాచ్ పట్టాడుగా? గోడెక్కి మరీ!"

"ఆఁ, అవునవును. ఏదో ధ్యాసలో ఉన్నా."

పెన్సిలు తిరగేసి రబ్బరుతో తుడిచాడు. గబగబా, గట్టిగా, కాగితం నలిగేలా తుడిచాడు. పక్క గడిని. కె మాత్రం ఉన్నచోటే ఉంది.

నడీన్ ఆ గడినీ అతని ముఖాన్నీ మార్చి మార్చి చూసింది. అతను ఆమె వైపు తిరిగాడు గానీ, చూపు ఆమె చెవి పక్కగా ఎక్కడో పడింది. పెళ్ళయి పంతొమ్మిదేళ్ళు. ఈ మనిషి ఇలా చెవి వైపు చూడడం ఎప్పుడు మొదలైంది? మూలుగుతూ విసుక్కుంటూ తన మెడనొప్పి లెక్కే చూసుకుంది గానీ ఇది చూడనేలేదు.

"వెండెల్, ఎప్పట్నించి?"

అతను పుస్తకం మూశాడు. "క్రిస్మస్ ముందు నుంచి. మధ్యలో మసక. పక్కలు కనిపిస్తాయి. నీ చెవి వైపు చూస్తే నీ మొహం కొంచెం తెలుస్తుంది."

"డాక్టరు?"

"రెండుసార్లు వెళ్ళా. బాగయ్యేది కాదన్నాడు."

"మరి షెడ్డులో ట్రాక్టర్ల రిపేర్లు ఎలా చేస్తున్నావు?"

"నట్లూ బోల్టులూ చేతికి తెలుసు."

"నాకు చెప్పలేదే!"

"చెప్తే ఈ ప్రయాణం ఉండేదా? ఐదూ ఒక్కసారి... పక్కలతోనైనా సరే చూద్దామని."

నడీన్‌కి జాలేసింది. వెంటనే ఇంకోటి గుర్తొచ్చి ఒళ్ళు మండింది.

"మొదటిరోజు బండి నువ్వు నడిపావు. వెనక సీట్లో టెస్సా ఉంది. నేను పక్కన నిద్రపోయాను!"

"తెలుసు. ఒక లారీ... పక్కకొచ్చేదాకా తెలీలేదు. హారన్ కొట్టాడు. నువ్వు లేవలేదు. అందుకే మర్నాడు తాళాలు ఇచ్చేశా. నడుం బాగానే ఉంది నడీన్. తిట్టు, పడతా."

తిట్టడానికి బోలెడు మాటలున్నాయి. ఆ స్కోరు పుస్తకంతోనే కొట్టాలనిపించింది కూడా. కానీ అలసట ఎంత గొప్పదంటే, కోపానికి కూడా ఓపిక మిగల్చదు.

టెస్సా నాచోస్‌తో వచ్చింది. "బ్యాటరీలు లేవన్నారు. ఏంటి, ఇద్దరూ పోట్లాడుకున్నారా?"

"మీ నాన్న నీకో విషయం చెప్తాడు," అంది నడీన్. "ఇప్పుడే."

వెండెల్ చెప్పాడు. టెస్సా నాచోస్ పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని అంతా వింది. తర్వాత చీజు అంటిన వేళ్ళతోనే తండ్రి మోచెయ్యి పట్టుకుంది, వదల్లేదు.

తొమ్మిది ఇన్నింగ్స్ అయ్యేసరికి స్కోరు సమానం. ఆట పొడిగించారు. కుర్చీలు ఖాళీ అవుతున్నాయి. పిల్లల్ని భుజాన వేసుకుని తండ్రులు మెట్లు దిగుతున్నారు. నడీన్ కళ్ళు మంటలు. ఇక ఇంటికెళ్దామని ఎలా అనగలదు? రేపు ఐదు గంటలు తనే నడపాలి. ఎల్లుండి ఇంటికీ తనే. ఆపైన కిరాణాకి, ఆసుపత్రికి, అతని షెడ్డుకి, టెస్సా పెళ్ళికి కూడా తనే. ఇక ఈ జన్మలో పక్క సీట్లో కాళ్ళు బారజాపడమనేది లేదు. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు అంతా ఒక్కసారిగా తెలిసొచ్చి, ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

వెండెల్ చివరి బంతి పడకుండా ఏ ఆట నుంచీ లేచినవాడు కాదు. పెళ్ళిరోజున కూడా లేవలేదు. అలాంటివాడు పుస్తకం చంకలో పెట్టుకుని, చేత్తో ముందు కుర్చీ వెతుక్కుంటూ లేచాడు.

"పద నడీన్. అలిసిపోయావు. ఇంటికెళ్ళిపోదాం. మిన్నియాపోలిస్ వద్దులే."

పొద్దున్నుంచి ఆమె అనాలనుకున్న మాట అదే. అతనే అనేశాడు. నడీన్ అతని చొక్కా పట్టుకుని కిందికి లాగి, చంకలోంచి పుస్తకం తీసి, ఆ పేజీ తెరిచి పెన్సిలు పట్టుకుంది.

"కూచో. పొట్టివాడొకడు బ్యాటుతో వస్తున్నాడు. పేరు నన్నడక్కు."