తట్టరాని బల్ల

గేరాబెర్గ్‌లోని ఆ కొలతశాలలో బల్లను తట్టడం రాజద్రోహంతో సమానం. తక్కిన జర్మనీ అంతా వచ్చినందుకొకసారి, వెళుతున్నందుకొకసారి, ఉపన్యాసం ముగిసిన సంతోషానికి మరొకసారి పిడికిలితో బల్లను తడుతుంది. ఇక్కడ మాత్రం ప్లాటినం మహారాజుగారు కొలువుదీరి ఉంటారు. గాజు గొట్టంలో సన్నని తీగచుట్ట, అంతే. వేడెక్కేకొద్దీ కరెంటుకు అడ్డుపడుతుంది. ఆ అడ్డెంతో కొలిస్తే వేడెంతో తెలుస్తుంది. మంచులో ఆ అడ్డు సరిగ్గా నూరు ఓములు. కానీ ప్రభువులు మహా సున్నితులు. చిన్న దెబ్బ తగిలినా అలిగి, అడ్డు పెంచి చూపిస్తారు.

ఈ ప్రభువును ముప్పై ఐదేళ్ల కిందట చుట్టినవారు ఇర్మ్‌ట్రౌట్, ఆమె భర్త లోటార్. లోటార్ పోయి ఆరేళ్లు. ఉద్యోగ విరమణకు రెండు రోజుల ముందు, కొలతశాలలోనే ఆమెకు వీడ్కోలు సభ జరిగింది. డాక్టరేటున్న కొత్త అధికారిణి కెర్‌స్టిన్ ప్రసంగం ముగించి, అలవాటు కొద్దీ బల్లను దబదబా తట్టింది. గొట్టం దొర్లి ఇనుప పెట్టెకు కొట్టుకుంది.

మంచులో పెట్టి చూశారు.

“నూరు పాయింట్ సున్నా సున్నా నాలుగు,” అంది కెర్‌స్టిన్ నీరసంగా. “మంచులో కూర్చుని ఒళ్లు వెచ్చబడిందంటోంది! రూలు ప్రకారం కరిగించడానికి పంపెయ్యాలండీ.”

“తట్టింది మీరు, శిక్ష దానికా డాక్టరమ్మా?”

“మా ఊళ్లో తట్టకపోతే మర్యాద తెలీదంటారు మరి!”

“సరే, రేపటిదాకా గడువివ్వండి. కొలిమిలో పెడతాను.”

నాలుగు వందల యాభై డిగ్రీల కొలిమి ముందు ఇర్మ్‌ట్రౌట్ కూర్చుంది. లోటార్ రోజూ పొద్దున్నే గుమ్మంలో నిలబడి, పలకరింపుగా పిడికిలితో గాలిని మూడుసార్లు తట్టేవాడు. మొదటివారం పిచ్చివాడనుకుంది, రెండోవారం నుంచి ఆ చప్పుడులేని తట్టుకోసం ఎదురుచూసి, తానూ అలాగే బదులు తట్టేది. “దెబ్బలన్నీ తీగకి గుర్తుంటాయి ఇర్మా. బాగా కాచి, మెల్లగా చల్లారనిస్తే మర్చిపోతుంది,” అనేవాడు. మనుషుల సంగతి మాత్రం ఆయన ఎన్నడూ సెలవివ్వలేదు.

మర్నాడు ప్రభువులకు మళ్లీ మంచుస్నానం.

“నూరు పాయింట్ సున్నా సున్నా సున్నా...” కెర్‌స్టిన్ ఆగింది. “చివర రెండు. హద్దులోనే ఉంది. కానీ ఆ రెండేమిటండీ?”

“ముప్పై ఐదేళ్లమ్మా అవి. ఉండనివ్వండి.”

ఆనందం పట్టలేక కెర్‌స్టిన్ పిడికిలి పైకి లేచింది, బల్ల మీదికి దిగింది, జానెడు ఎత్తున ఠక్కున ఆగిపోయింది. ఒక్క క్షణం తటపటాయించి, అక్కడే గాలిని మూడుసార్లు తట్టింది.

ఆ పద్ధతి ఆమెకు ఎవరూ నేర్పలేదు. ఇర్మ్‌ట్రౌట్ కళ్లద్దాలు తుడుచుకుని, ఆరేళ్ల తర్వాత మొదటిసారి, తానూ గాలిని మూడుసార్లు తట్టింది.