మావయ్య సాక్ష్యం

లాండ్రీ మావయ్య అబద్ధమాడడని ఆ వీధిలో అందరికీ తెలుసు. చొక్కా మీద మరక పోకపోతే "పోలేదండీ, డబ్బులివ్వకండి" అంటాడే తప్ప మడతలో దాచి ఇవ్వడు. ఆయన వెళ్ళే చిన్న చర్చిలో అందరిదీ అదే దారి. వాళ్ళు ఒట్టు వెయ్యరు, శత్రువు మీదైనా ఆయుధం ఎత్తరు. ఆదివారం ప్రార్థనలో రొట్టె విరిచి పంచుకునే ముందు, ఎవరితోనైనా పేచీ ఉన్నవాళ్ళు లేచి అందరి ముందూ చేతులు పట్టుకుని రాజీ పడాలి. రాజీ పడ్డాక ఆ సంగతి మళ్ళీ ఎత్తకూడదు. ఇన్ని కట్టుబాట్ల మధ్య ఉన్న మనిషి తప్పు చెయ్యాలంటే చాలా తెలివి కావాలి. మావయ్యకు ఆ తెలివి ఉందని ఆయనకే తెలియదు.

యుద్ధం మొదలై, కుర్రాళ్ళకు సైన్యం నుంచి పిలుపులు వచ్చాయి. మావయ్య మేనల్లుడికీ వచ్చింది. ఆసుపత్రిలో స్ట్రెచర్ తోసే పని వాడిది. "గాయపడ్డవాళ్ళని ఎంతమందినైనా మోస్తాను, తుపాకీ మాత్రం ముట్టను" అన్నాడు. అది నమ్మకమో, ప్రాణభయమో తేల్చడానికి ఒక విచారణ సంఘం ఉంది. నమ్మకమని తేలితే ఆసుపత్రిలోనే వదిలేస్తారు. తేలకపోతే తుపాకీ పట్టాలి, పట్టనంటే జైలు.

చర్చి తరఫున ఒక పెద్దమనిషి సాక్ష్యం చెప్పాలన్నారు.

"వాళ్ళ నాన్న పోయాక వాడికి పెద్దదిక్కువి నువ్వే కదన్నయ్యా," అంది చెల్లెలు. "నీ మాట కాదనేదెవరు?"

విచారణ ఒక బడి గదిలో జరిగింది. పిల్లల బెంచీలు గోడవారకు నెట్టి, ముగ్గురు పెద్దలు టీచరు బల్ల వెనక సర్దుకుని కూర్చున్నారు. మధ్యలో ఉన్నాయన రిటైరైన జడ్జి.

"ఒట్టేసి చెప్పండి," అన్నాడు జడ్జి.

"మేం ఒట్టు వెయ్యమండీ. వెయ్యకపోయినా నిజమే చెబుతాం."

"సరే, మాకూ టైం కలిసొస్తుంది. ఈ అబ్బాయి ఎప్పుడైనా, ఎవరి మీదైనా చెయ్యి చేసుకున్నాడా?"

అది రాజీ పడ్డ విషయం, నేను చెప్పకూడదు అంటే సరిపోయేది. మేనల్లుడు ఆయన్నే చూస్తున్నాడు, కాస్త కూడా బెంగ లేకుండా.

"చేసుకున్నాడండీ," అన్నాడు మావయ్య. "నా మీదే. చెంప మీద కొట్టాడు."

"ఎందుకు?"

"మాటా మాటా పెరిగింది."

జడ్జి మేనల్లుడి వైపు తిరిగాడు. "నిజమేనా? ఎందుకు కొట్టావు?"

వాడు మావయ్య మొహం వంక ఒకసారి చూసి తల దించుకున్నాడు. "నిజమేనండీ. తప్పు నాదే."

"సొంత మావయ్యని కొట్టినవాడివి, శత్రువు దగ్గరికొచ్చేసరికి నీకు దేవుడు అడ్డొచ్చాడా?" అన్నాడు పక్కనున్నాయన. మిగతా ఇద్దరూ నవ్వారు. కాసేపటికి అది నమ్మకం కాదని తేల్చేశారు. వాడు తుపాకీ పట్టనని ఇంకోసారి చెప్పాడు, పోలీసులు వచ్చి తీసుకెళ్ళారు.

అడిగారు, ఉన్నది చెప్పాను అనుకుంటూ మావయ్య మెట్లు దిగాడు. ఇంటికెళ్ళేదాకా అదే అనుకున్నాడు. ఉన్నదంతా చెప్పలేదని మాత్రం అనుకోలేదు.

ఆ చెంపదెబ్బ నాటికి మేనల్లుడు లాండ్రీలోనే పనిచేసేవాడు. సైన్యం యూనిఫారాల మూటలు అప్పుడే రావడం మొదలైంది. ఆవిరి గదిలో ఇద్దరే ఉన్నప్పుడు వాడు అడిగాడు: "రక్తం మరకలు పోగొట్టి, మళ్ళీ వేసుకుని వెళ్ళండని ఇస్తున్నాం మావయ్యా. ఇది మనం చెయ్యొచ్చా?"

ఉన్నమాటంటే ఉలుకెక్కువ. పాత యుద్ధంలో కూడా మావయ్య సైన్యం బట్టలు ఉతికి, అవసరమైన పనివాడు అనిపించుకుని, సైన్యంలోకి వెళ్ళకుండా గట్టెక్కాడు. చెల్లెలి మొగుడు మాత్రం తుపాకీ పట్టనని జైలుకెళ్ళి, అక్కడి చెమ్మకు ఊపిరితిత్తులు పాడై చనిపోయాడు. చర్చిలో ఎవరైనా ఆ బావ పేరెత్తి మెచ్చుకుంటే మావయ్యకు లోపల చురుక్కుమనేది. ఏళ్ళ తరబడి మింగిన ఆ చురుకంతా ఆవిరి గదిలో బయటికొచ్చింది.

"మీ నాన్న దేవుడి చాటున దాక్కున్న పిరికిపంద. నువ్వు ఆయన కొడుకువేగా."

వాడు కొట్టింది ఆ మాటకి.

చెంప మీద వేళ్ళ గుర్తులు అందరూ చూశారు, ఆ మాట ఎవరూ వినలేదు. ఆదివారం వాడు వెనక బెంచీలోంచి లేచి వచ్చి చెయ్యి పట్టుకుని క్షమించమన్నాడు. మావయ్య పెద్దరికంగా "క్షమించాను" అని రొట్టె తిన్నాడు. క్షమించలేదు. విచారణ గదిలో "కొట్టాడు" అంటున్నప్పుడు నాలుక మీద తియ్యగా అనిపించింది. ఆ తీపి గుర్తొస్తే ఇప్పుడు ఒళ్ళు కంపరమెత్తుతోంది.

చర్చివాళ్ళు ఆయన్ని మెచ్చుకున్నారు కూడా. "సొంత మేనల్లుడని చూడకుండా నిజం చెప్పారు. మీలాంటివాళ్ళు అరుదండీ," అన్నాడు పాస్టరు. మావయ్య తేలు కుట్టిన దొంగలా తల వంచుకుని లాండ్రీకి వెళ్ళిపోయాడు. ఆ వారం ఇస్త్రీ పెట్టె కింద రెండు మూడు మంచి చొక్కాలు మాడిపోయాయి.

చివరికి తెగించి జడ్జి ఇంటికెళ్ళాడు. పరాయివాడి ముందు సులువే, ఆవిరి గదిలో అన్న మాట పొల్లుపోకుండా చెప్పాడు. జడ్జి అంతా విన్నాడు.

"మీరు నిజమే చెబుతారనేగా ఒట్టు కూడా లేకుండా వదిలేశాను," అన్నాడు. "తీర్పు పై ఆఫీసుకి వెళ్ళిపోయింది. ఇప్పుడు నేను చేసేదేం లేదు."

మర్నాడు చెల్లెలితో కలిసి జైలుకెళ్ళాడు. ఒకరి తర్వాత ఒకరు లోపలికి వెళ్ళాలి. "ముందు నువ్వెళ్ళు, నిన్ను చూస్తే వాడికి ధైర్యం," అందామె.

ఇనప జాలీకి అవతల మేనల్లుడు నిలబడి ఉన్నాడు. జుట్టు కత్తిరించేశారు. మావయ్య నోరు తెరిచేలోపే వాడు మాట్లాడాడు.

"మావయ్యా, ఆ రోజు చర్చిలో చెయ్యి పట్టుకున్నప్పుడు నీ మనసులోంచి అది పోయిందనుకున్నా. పోలేదని విచారణలో తెలిసింది. మళ్ళీ అడుగుతున్నా, క్షమించు."

"నువ్వు అడగడమేంట్రా?" అన్నాడు మావయ్య. "మీ నాన్నని నేనన్న మాట అక్కడ ఎందుకు చెప్పలేదు? చెబితే వదిలేసేవాళ్ళేమో."

వాడు జాలీ పట్టుకుని ఆలోచించాడు. అప్పుడే మొదటిసారి ఆలోచిస్తున్నట్టు ఉంది వాడి మొహం.

"చెబితే నిన్ను అందరి ముందూ ఇంకోసారి కొట్టినట్టే కదా మావయ్యా. కొట్టనని చెప్పుకోవడానికేగా నేను అక్కడికొచ్చింది."

టైం అయిందని కాపలావాడు అంటే, మావయ్య బయటికొచ్చేశాడు.

గేటు బయట చెల్లెలు సిమెంటు దిమ్మ మీద కూర్చుని ఉంది. పక్కన కూర్చోవడానికి ఆయనకు ధైర్యం చాల్లేదు. నిలబడే చెప్పాడు. ఆవిరి గది, బావని అన్న మాట, విచారణలో మింగేసిన మాట, అన్నీ చెప్పాడు. తిడుతుందనుకున్నాడు, తిడితే బాగుండుననుకున్నాడు.

"ఎందుకు కొట్టావురా అని ఎంత అడిగినా వాడు చెప్పలేదు," అందామె. "పెద్దవాణ్ణి కొట్టినవాడికి నా ఇంట్లో అన్నం లేదని ముందున్న పళ్ళెం లాగేసుకున్నాను. ఆ ఆదివారం వాడు తనంతట తను లేవలేదన్నయ్యా. రెక్క పట్టుకుని లేపి, నీ దగ్గరికి తోసింది నేను."

కాపలావాడు ఆమెని పిలిచాడు. లేచి, కొంగుతో మొహం తుడుచుకుని, కొడుకు దగ్గరికి వెళ్ళింది.