ఒడ్డున నవ్వే ముసలమ్మ

బస్టాండు గోడ మీద తన మొహం తలుపంత పెద్దదిగా కనబడేసరికి ముసలమ్మ చేతిలో సంచీ కింద పెట్టేసింది. పక్కనున్న కూతురి మోచెయ్యి పట్టుకుంది.

"అది నేనేనటే?"

"నువ్వేనమ్మా."

"కింద ఏం రాశారు?"

కూతురు చదివింది. చదవకుండా ఉండాల్సింది. కానీ రాసినదాన్ని రాసినట్టు చదవడం తప్ప ఆవిడకి ఇంకోటి చేతకాదు. "మా ఒడ్డుకి రండి. ఈ అమ్మలా మనసారా నవ్వండి. ఇట్లు, ప్రాంతీయ టూరిజం సంఘం."

ముసలమ్మ చాలాసేపు చూసింది. పళ్ళు లేని నోరు బార్లా తెరుచుకుని ఉంది. కళ్ళు మూతలు పడ్డాయి. చెంపలు పైకి ముడుచుకుపోయాయి. వెనక నీళ్ళు, ఒక పడవ ముక్కు.

"ఆ రోజు నేను నవ్వానా?" అంది.

ఆ రోజు ఏ రోజో ఊళ్ళో అందరికీ తెలుసు. నిరుడు సీజను మొదట్లో టూరిజం సంఘం ప్రెసిడెంటు సిటీ నుంచి సినిమా తీసేవాళ్ళని పిలిపించాడు. మన సరస్సు అందం లోకానికి చూపిద్దాం అన్నాడు. ఆ పూట గాలి తిరగబడి కొడుతోంది. రేవులో ఒక్కడూ తాడు విప్పలేదు. "ఈ గాలికి బాతు కూడా దిగదు సార్" అన్నాడు పడవలు నడిపే పెద్ద సరంగు. ప్రెసిడెంటు అందరినీ చూసి, అందరిలో చిన్నవాడి భుజం మీద చెయ్యి వేశాడు. "నువ్వు మగాడివిరా" అన్నాడు. పడవ విప్పిన ఆ చిన్నవాడు ఈ ముసలమ్మ కొడుకు. మధ్యాహ్నం మూడింటికి అతన్ని ఒడ్డుకి చేర్చారు. తల్లి గట్టు మీద కూలబడింది. సినిమావాళ్ళతో వచ్చిన ఫొటోలవాడికి అప్పుడు తీయడానికి వేరే ఏమీ లేదు, ఎదురుగా ఉన్నది తీశాడు.

కొందరి మొహాలంతే. ఏడుపుకీ నవ్వుకీ ఒకటే అచ్చు. బాతుల ఫొటోలతో, మబ్బుల ఫొటోలతో కలిసి అదీ సిటీకి వెళ్ళింది. అక్కడ ఏమీ తెలియనివాళ్ళెవరో ఏరారు. అది తెలియక చేసిన తప్పు. కానీ అచ్చుకి వెళ్ళే ముందు ఆ కాగితం సంతకానికి వెనక్కి వచ్చింది. ప్రెసిడెంటు చూశాడు. చూసే సంతకం పెట్టాడు. దాన్ని తప్పు అనరు. దానికి వేరే పేరుంది, కానీ పుస్తకంలో అచ్చువెయ్యరు.

"నేను నవ్వలేదని చెప్పవే వాళ్ళకి" అంది ముసలమ్మ సంచీ ఎత్తుకుంటూ. "వాడి ఎదురుగా నవ్వానని అనుకుంటారు జనం."

కూతుర్ని ఊళ్ళో దుప్పట్లక్క అంటారు. ఊళ్ళో లాడ్జీలన్నిటి దుప్పట్లూ ఆవిడ పెరట్లోనే ఉతుకుతారు. ఆవిడే నానబెట్టి, ఆవిడే పిండి, ఆవిడే ఆరేస్తుంది. ఏ లాడ్జీ దుప్పటికి ఆ లాడ్జీ రంగు దారం మూలన ఒక కుట్టు. ఎవరివి ఎన్ని వచ్చాయో, ఎన్ని వెళ్ళాయో రోజూ పుస్తకంలో రాస్తుంది. ఆ పుస్తకం వల్ల ఈ ఊళ్ళో ఎన్ని మంచాలమీద మనుషులు పడుకున్నారో దేవుడికి తెలియకపోయినా ఆవిడకి తెలుసు.

ఆవిడ ఆ రోజే సంఘం ఆఫీసుకి వెళ్ళింది. ప్రెసిడెంటుకి ఊరు పెట్టిన పేరు కత్తెర. రిబ్బన్లు కోసీ కోసీ జేబులోనే ఒక కత్తెర పెట్టుకు తిరుగుతాడు. ఇప్పటిదాకా కోసిన రిబ్బన్ల ముక్కల్ని టేబులు అద్దం కింద వరసగా పరిచాడు, పతకాల్లాగా.

"రా అమ్మాయ్, కూర్చో."

"నిలబడతాను. అది తీయించండి."

"ఏది?"

"మా అమ్మని. గోడల మీంచి."

"ఎంత కళగా ఉందో మొహం! నా మొహం వేసుంటే ఎవడొస్తాడు చెప్పు?" అని తన జోకుకి తానే నవ్వాడు.

"ఆవిడ ఏడుస్తోంది ప్రెసిడెంటుగారూ."

"నీకు తెలుసు, నాకు తెలుసు. వచ్చేవాడికి తెలుసా? చూసేవాడికి నవ్వైతే అది నవ్వే."

"మా తమ్ముణ్ణి గట్టు మీద పడుకోబెట్టి ఉన్నారప్పుడు. ఆ ఫొటోలో వాడి కాళ్ళుండాలి, కింద."

"అందుకేగా కింద కోయించాను" అన్నాడు కత్తెర, ఏదో మేలు చేసినవాడిలా.

ఆవిడ బయటికి వచ్చేసింది.

మర్నాడు ఉదయం ఏడుగదులాయన దుప్పట్ల మూట తెచ్చాడు. మూట అనడం దండగ, మూడే దుప్పట్లు. ఏడు గదుల లాడ్జీ ఉంది గనక ఆయన ఏడుగదులాయన. గదులు ఖాళీగా ఉంటే మనిషి ఉద్యమకారుడవుతాడు. రేవు గట్టున, టీ కొట్టు దగ్గర, ఆరు నెలలుగా కత్తెర మీద కత్తులు నూరుతున్న బృందానికి ఆయనే పెద్ద. ఉతుకుడు బండ మీద కూర్చుని మొదలెట్టాడు.

"బ్రోచరు చూశావా అక్కా? సరస్సులో హంసలు వేశాడు! మా తాత పుట్టక ముందునుంచీ ఇక్కడున్నవి బాతులు. అవీ మనిషిని చూస్తే కసురుకునే రకం. సూర్యోదయం వేశాడు నీళ్ళ మీద. మన ఒడ్డు పడమటి ఒడ్డా, తూర్పు ఒడ్డా కూడా తెలియదు వీడికి. ఆఖరి పేజీలో ఫోన్ నంబరు. చేస్తే ఎవరెత్తారో తెలుసా? పక్కూరి పశువుల డాక్టరు. పాపం ఆయనే గదుల రేట్లు చెబుతున్నాడు."

దుప్పట్లక్క నవ్వలేదు.

"సంవత్సరం మీటింగులో దింపేస్తాం" అన్నాడు ఆయన గొంతు తగ్గించి. "గదులన్నీ నిండాయని రిపోర్టు రాసుకున్నాడు. నిండలేదని నీ పుస్తకం చెబుతుంది. నువ్వు లేచి చదివితే చాలు. దుప్పటి అబద్ధం చెప్పదని అందరికీ తెలుసు."

"మా అమ్మ పోస్టరో?"

"మొదటి తీర్మానం అదే. నా తల్లి లాంటిది కాదూ? నీ తమ్ముడు నా కళ్ళ ముందు పెరిగాడు. ఒట్టు!"

వెనకాలే పెద్ద సరంగు వచ్చాడు, ఇద్దరు హోటలువాళ్ళు వచ్చారు. అందరూ ఒట్టే. ఒట్లు అంత తేలిగ్గా వచ్చాయంటేనే అనుమానపడాల్సింది. కానీ ఏడాదిగా ఆవిడ ఇంటి గడపలో ఇంతమంది నిలబడి తమ్ముడి పేరెత్తింది ఇప్పుడే. ఆవిడకి అది చాలింది.

మీటింగు ఏడు వారాల్లో ఉంది.

మూడో వారంలో ఏడుగదులాయనవి తొమ్మిది దుప్పట్లు వచ్చాయి. నాలుగో వారంలో పదహారు. బస్సు దిగినవాళ్ళు దిగినట్టే గోడ దగ్గర నిలబడి ముసలమ్మ ఫొటోకి ఫొటో తీసుకుంటున్నారు, పళ్ళు కనబడకుండా పెదాలు మడిచి అలాగే నోరు తెరిచి నవ్వుతున్నారు. తర్వాత రేవులో వెతుకుతున్నారు. "ఆ నవ్వే మామ్మ ఎక్కడ?" అని. టీ కొట్టువాడు వేలు చూపిస్తున్నాడు. ఆ వేలుకి ముందు రెండు రోజులు సిగ్గేసింది. మూడో రోజునుంచి అదీ లేదు.

ముసలమ్మ సాయంత్రాలు రేవులో కూర్చోవడం మానలేదు. కొడుకుని దింపిన చోటు అది. కొత్తవాళ్ళు వచ్చి "ఒక్కసారి మామ్మా, ఆ నవ్వు" అంటే వాళ్ళ మొహాలకేసి చూసేది. "నేను నవ్వలేదు బాబూ" అనేది. వాళ్ళకి ఆ మాట ముద్దొచ్చేది.

దుప్పట్లక్క చేతులు ఉతుకుడు సోడాకి పగిలిపోయాయి. పెరట్లో తాళ్ళు చాలక గోడ మీద, జామచెట్టు మీద ఆరేసింది. ఏడుగదులాయన ఇప్పుడు బండ మీద కూర్చోవడం లేదు. మూట విసిరేసి, "తొందరక్కా, మధ్యాహ్నానికి మనుషులు దిగుతున్నారు" అని పరుగు. హంసల గురించి అడిగితే "హంసలదేముందిలే" అన్నాడు.

ఆవిడ లెక్క రాసేటప్పుడు పెన్ను ఆపి ఆలోచించింది. పదహారుని ఆరు చేస్తే ఎవరికి తెలుస్తుంది? కానీ ఆ పుస్తకం తప్పైతే ఎర్రదారం దుప్పటి పచ్చదారం గదికి పోతుంది, ఇరవయ్యేళ్ళలో ఒక్కసారి కూడా పోలేదు. పదహారు అనే రాసింది. కొంతమందికి నిజాయితీ ఒక జబ్బు, మందులేదు.

మీటింగు రోజు సంఘం హాల్లో ప్లాస్టిక్ కుర్చీలు నిండిపోయాయి. ముందు వరసలో సిటీ నుంచి వచ్చిన ప్రచారం పిల్ల కూర్చుంది. పోస్టరు వేయించిన కంపెనీ మనిషి, ఒళ్ళో చిన్న నోటుబుక్కు. దుప్పట్లక్క మొహం ఆ పిల్లకి తెలియదు. కత్తెర రిపోర్టు చదివి, "ఎవరికైనా ఏమైనా చెప్పాలనుందా?" అన్నాడు. ఏడుగదులాయన బూట్ల తాళ్ళు కట్టుకుంటున్నాడు. అప్పటికి మూడుసార్లు కట్టాడు. పెద్ద సరంగు పైకప్పు చూస్తున్నాడు, అక్కడేదో పడవ వెళుతున్నట్టు.

దుప్పట్లక్క లేచింది. "ఒక తీర్మానం ఉంది. వీళ్ళు పెడతామన్నారు."

ఎవరూ కదల్లేదు.

"అమ్మాయ్, ముందు నీ పుస్తకం చదువు" అన్నాడు కత్తెర తియ్యగా. ఎవరో ముందే మోసేశారు ఆయనకి. "నా రిపోర్టు అబద్ధమంటున్నారట. నీ మాట మీద మా అందరికీ గురి. నువ్వే చెప్పు."

పుస్తకం చేతిలోనే ఉంది. ఆవిడ పాత పేజీ ఒకటి తీసింది. "ఏడు వారాల కిందట. ఏడు గదులు, మూడు దుప్పట్లు. రేవు లాడ్జీ, ఐదు. ప్రెసిడెంటుగారి హోటలు, పదకొండు."

"చూశారా, ఖాళీ. ఒప్పుకుంటున్నా, ఆ రిపోర్టులో కాస్త తొందరపడ్డాను" అన్నాడు కత్తెర. "అది పోస్టరుకి ముందు. మరి ఈ వారం?"

ఆవిడ ఆఖరి పేజీ తీసి గొణిగింది.

"కాస్త గట్టిగా" అన్నాడు కత్తెర.

"ఏడు గదులు, ఇరవై ఎనిమిది. రేవు లాడ్జీ, నలభై. ప్రెసిడెంటుగారి హోటలు, తొంభై ఆరు."

చప్పట్లు మొదట వెనక నుంచి వచ్చాయి. తర్వాత అంతటా. బూట్ల తాళ్ళు వదిలేసి ఏడుగదులాయన కూడా కొట్టాడు. తన పుస్తకంతో తననే కొడుతున్నారని దుప్పట్లక్కకి అర్థమయ్యింది. పుస్తకం మూసి, చప్పట్ల మీదనుంచే అరిచింది.

"ఆవిడ నవ్వడం లేదు! కొడుకు శవం ముందు ఏడుస్తోంది! వాణ్ణి ఆ గాలిలో పంపింది ఈయన! మీ అందరి కళ్ళ ముందు! చెప్పరేం? ఆ పోస్టరు తీసెయ్యాలన్నవాళ్ళు చేతులెత్తండి!"

ఒక్క చెయ్యి లేవలేదు. పెద్ద సరంగు చెయ్యి మోకాలి మీంచి లేవబోయింది. దాన్ని రెండో చేత్తో నొక్కిపట్టుకున్నాడు.

ప్రచారం పిల్ల మొహం మాత్రం పాలిపోయింది. అది నటన కాదు, ఉన్నమాట చెప్పాలి. లేచి దుప్పట్లక్క దగ్గరకొచ్చింది. "క్షమించండక్కా, నాకు తెలియదు. ఆ ఫొటో... అది ఏడుపా?"

"ఏడుపే."

"ఇదే ఒడ్డా? ఆవిడ ఇప్పటికీ అక్కడే కూర్చుంటారా?"

"రోజూ."

పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకుంది. నోటుబుక్కు తెరిచింది. "అతని పేరేమిటక్కా? వయసెంత?" అంటూ రాసుకుంది. తర్వాత కత్తెరవైపు తిరిగి, మెల్లగా చెప్పింది. "ఆ పోస్టరు తీసెయ్యాలి సార్. అన్నీ, ఈ వారమే."

దుప్పట్లక్క ఆ రోజు ఇంటికొచ్చి, తల్లి పక్కన కూర్చుని, "తీసేస్తారటమ్మా" అంది. ఏడాదిలో మొదటిసారి ఇద్దరూ కడుపునిండా తిన్నారు.

తీసేశారు. ఇచ్చిన మాట ప్రకారం ఐదు రోజుల్లో ఊళ్ళో ఒక్క గోడ మీదా అది లేదు. ఆరో రోజు కొత్తది అంటించారు. అదే మొహం, ఈసారి నలుపు తెలుపుల్లో. రేవులో ముసలమ్మ కూర్చునే చోట కొత్త బెంచీ వేసి, తెల్లరంగు కొట్టి, పక్కన ఒక పెద్ద బోర్డు పాతారు. రిబ్బను కత్తెరే కోశాడు.

సాయంత్రం ఉతికిన మూట చంకన పెట్టుకుని దుప్పట్లక్క రేవుకొచ్చేసరికి బెంచీ ముందు పాతికమంది. కొందరి చేతుల్లో పువ్వులు. టీ కొట్టువాడు పువ్వులు కూడా పెట్టాడు ఇవాళ్టినుంచి. ముసలమ్మ బెంచీ మీద బిక్కచచ్చి కూర్చుని ఉంది. కూతుర్ని చూడగానే బోర్డువైపు చెయ్యి చూపించింది.

"ఇప్పుడేం రాశారే?"

బోర్డు మీద ఉంది: "కొడుకుని సరస్సుకిచ్చిన తల్లి. రండి, ఈవిడ పక్కన ఒక్క నిమిషం కూర్చోండి."

ఇరవయ్యేళ్ళుగా ఒక్క అంకె తప్పు చదవని మనిషి. మూట ఒక చంక నుంచి ఇంకో చంకకి మార్చుకుంది.

"కొడుకు పోయిన తల్లి అని రాశారమ్మా."

"అంతేనా?"

"అంతే."

"నవ్వు మాట తీసేశారా?"

"తీసేశారు."

ముసలమ్మ ఊపిరి పీల్చుకుంది. భుజాలు కిందికి దిగాయి. "చూశావా! అడిగితే ఎందుకు వినరు? నువ్వూరికే అందర్నీ తిడతావు గానీ" అంది. ఏడాదిగా ఎక్కడో అడుగున ఉన్నదేదో పైకొచ్చి, నోరు బార్లా తెరిచి, కళ్ళు మూసుకుని, చెంపలు ముడుచుకుపోయేలా నవ్వింది.

గుంపులో ఒకావిడ మొగుడి చెయ్యి పట్టుకు గుంజింది.

"అయ్యో, ఎలా ఏడుస్తోందో చూడండి పాపం! తియ్యండి, తొందరగా తియ్యండి!"

"మూటావిడా" అన్నాడు మొగుడు ఫోను ఎత్తి పట్టుకుని, "కాస్త పక్కకి."